సౌభాగ్యం చెప్పిన ఇరవై నిమిషాలు

మా సౌభాగ్యం వదిన జీవితంలో ఒకే ఒక్కసారి తొందరపడి మాట ఇచ్చింది. ఇరవై నిమిషాలని ఇచ్చింది. ఆ ఇరవై నిమిషాల్లోంచి బయటపడడానికి ఆమెకు ఐదు రోజులు పట్టింది. బయటికి లాగింది నేనే. వదిన మాత్రం వీరప్ప అంటుంది. సరే, అంతా విన్నాక మీరే తేల్చండి.

నా పేరు చిన్నప్పన్. ప్లస్ టూ మొదటి ఏడులో బడి మానేశాను. ఆ రోజు మా లెక్కల వాధ్యారు సంతోషం పట్టలేక బడికంతా మిఠాయి పంచాడని చెప్పుకుంటూ ఉంటాను. నిజానికి పంచింది వేరుశనక్కాయలు. అప్పటినుంచి కొత్త మిల్లుకు చెరుకు తోలే ట్రాక్టరు నడుపుతున్నాను. కొత్త మిల్లంటే పాలకోడులో ఉన్న పెద్ద మిల్లు కాదు. దానికి ఇటువైపు, ధర్మపురి రోడ్డు మీద వేరే ఎవరో పెట్టిన చిన్న మిల్లు. పెట్టి పదేళ్లయినా జనానికి అది కొత్త మిల్లే.

సౌభాగ్యం మా మేనమామ రాఘవన్ కూతురు. వాళ్లది వెల్లిచందై. నాకంటే మూడేళ్లు పెద్దది కాబట్టి వదిన అయింది. చిన్నప్పుడు వామనగుంటలు ఆడుతుంటే అవ్వ ఒక్క చింతగింజ దాచినా ఆమెకు తెలిసిపోయేది. అవ్వ చివరికి గింజలను నోట్లో దాచుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు మా వదిన అవ్వ మాటలు వినే, నోట్లో ఎన్ని ఉన్నాయో చెప్పేది. మీరు నమ్మకపోయినా పరవాలేదు, మా అవ్వ మూడు గింజలు మింగింది మాత్రం నిజం. అలాంటి పిల్ల బి.ఎస్సీ. లెక్కలు చదివి, సేలంలో ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకుని, ఇరవై నాలుగో ఏట మా మిల్లులో పనికి చేరింది. 1987లో సంగతి. ఈ చుట్టుపక్కల కంప్యూటరును తాకిన మొదటి మనిషి ఆమె. రెండో మనిషిని నేను. నేను తాకగానే అది ఆగిపోయింది, ఆ విషయం తర్వాత ఎప్పుడైనా.

కంప్యూటరు కోసం మిల్లులో ఒక గది కట్టారు. కట్టారంటే, చక్కెర పరీక్షించే పాత గదికి ముందువైపు నిలువెత్తు అద్దం బిగించారు. ఏసీ పెట్టారు. మేనేజరు గదిలో కూడా లేని ఏసీ. పిప్పి ధూళి పడకూడదని తలుపు ఎప్పుడూ మూసే ఉంచేవారు. లోపలికి పోవాలంటే చెప్పులు విప్పాలి. బయటినుంచి అంతా కనిపిస్తుంది, ఏమీ వినిపించదు. మిల్లుకు వచ్చిన రైతులు అద్దానికి ముక్కు ఆనించి, ముందు మిషనును చూసి, తర్వాత ఆమెను చూసి, ఈ రెండింటిలో ఏది ఏ పని చేస్తుందో తేల్చుకోలేక పోయేవారు. అందరూ చూశారు, మా మామ తప్ప. ఆయన మిల్లుకు ఎన్నిసార్లు వచ్చినా అటు తల తిప్పేవాడు కాదు. నాయన చూస్తే దానికి చెయ్యి ఆడదు అనేవాడు.

ఆ ఏడు మిల్లు ఆడడానికి ఇంకా పదిహేను రోజులుంది. ఈలోపల ఎవరి చెరుకు ముందు కోయాలి, ఎవరిది తర్వాత అన్న వరుస తేలాలి. దాన్ని కటింగ్ ఆర్డరు అంటారు. ముందు నాటినవాడిది ముందు కోయడం న్యాయం. ఆలస్యమైతే చెరుకు వెన్ను వేస్తుంది, లోపల బెండుపడుతుంది. ఏటా ఈ వరుసను కేన్ గుమాస్తా సుబ్బరాయన్ చేత్తో రాసేవాడు. ఆయన రాతలో న్యాయం ఉండేది. న్యాయానికి పక్కన కాస్త చుట్టరికం కూడా కూర్చునేది. ప్రతి ఏడూ గేటు దగ్గర అరుపులే. అందుకే మిల్లువాళ్లు కంప్యూటరు కొన్నారు. వరుస మిషను తీసిందంటే ఎవరితో పోట్లాడతారు?

రైతులు రెండు వేల నాలుగు వందల మంది. నలభై ఊళ్లు, ఊరికి ఇంచుమించు అరవై మంది. ఊరిపేరు చెప్పుకుని ఎవరూ ముందుకు రాకూడదని మేనేజరు రైతుల పేర్ల కార్డులన్నీ ఒకే కుప్పగా పోయించాడు. మా వదిన నెల రోజులు కూర్చుని ఆ కుప్పంతా మిషనులోకి ఎక్కించింది. నాటిన తేదీని బట్టి వరుస పెట్టే ప్రోగ్రాము కూడా తనే రాసింది. బుధవారం నాడు మొదటి అరవై పేర్లు పెట్టి చూసింది. ఇరవై ఏడు సెకన్లలో వరుస వచ్చింది, ఒక్క తప్పు లేదు.

వెనకాల నిలబడి చూస్తున్న మేనేజరు, కోయంబత్తూరు మనిషి, మొత్తానికి ఎంతసేపు పడుతుందని తమిళంలో అడిగాడు. వదిన నోటిలెక్క వేసింది. అరవైకి నలభై రెట్లు రెండు వేల నాలుగు వందలు. ఇరవై ఏడు సెకన్లకు నలభై రెట్లు పద్దెనిమిది నిమిషాలు. దానికి ఇంకో రెండు నిమిషాలు జాగ్రత్తకోసం కలిపి, ఇరవై నిమిషాలు సార్ అంది.

ఆ రెండు నిమిషాల జాగ్రత్తను నేను ఇప్పటికీ తలుచుకుని నవ్వుతుంటాను. ఆమె నవ్వదు.

మేనేజరు ఊరుకోలేదు. ఆ సాయంత్రమే గేటు ముందు రైతులను నిలబెట్టి, సోమవారం పొద్దున పది గంటలకు కంప్యూటరు వరుస బోర్డు మీద ఉంటుందని చెప్పాడు. ఇరవై నిమిషాల పని అని కూడా చెప్పాడు. లోపలికి వచ్చి మా వదినకు ఇంకో ముక్క చెప్పాడు. వరుస రాకపోతే మిషను సేలానికి తిరిగిపోతుంది, మిషను లేకపోతే మిషను మనిషి కూడా అక్కర్లేదు. మర్యాదగానే చెప్పాడట.

గురువారం పొద్దున తొమ్మిదికి మొత్తం పేర్లు ఎక్కించి మీట నొక్కింది. ఇరవై నిమిషాలైంది. ఏమీ లేదు. నల్లటి తెర మీద చిన్న గీత ఒకటి మినుకు మినుకుమంటూ ఉంది. అది పనిచేస్తోందా, నిద్రపోతోందా తెలిసే దారి లేదు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. పదకొండుకు కరెంటు పోయింది. ఆ ఏడు వానలు లేక రోజూ పదకొండు నుంచి పన్నెండు దాకా, మళ్లీ మూడు నుంచి నాలుగు దాకా కరెంటు కోసేవాళ్లు. కరెంటు పోతే మిషనుకు అప్పటిదాకా చేసినదంతా మరుపే. పన్నెండుకు మళ్లీ మొదటినుంచి. మూడుకు మళ్లీ పోయింది. నాలుగుకు మళ్లీ మొదలు. ఆరు కొట్టగానే మేనేజరు గది మూసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఆ రోజు నేను అద్దం బయటినుంచి చూశాను. మధ్యాహ్నం మూడుసార్లు అటుగా పోయాను, మూడుసార్లూ అదే కుర్చీలో అదే భంగిమ. కరెంటు ఉంటే వదిలి రాలేదు, ఏ క్షణాన వస్తుందో తెలియదు కాబట్టి. కరెంటు పోయినప్పుడే ఆమె బయటికి వచ్చేది. మేమందరం కరెంటు పోతే తిట్టుకుంటుంటే, మా వదిన ఒక్కతే కరెంటు పోతే చెప్పులు వేసుకునేది.

మిషను అమ్మిన సేలం కంపెనీకి ట్రంకు కాల్ చేసింది. అవతలి ఇంజినీరు ప్రోగ్రాము చదివించుకుని, అంతా సరిగా ఉంది, కాసేపు ఓపిక పట్టమని పెట్టేశాడు. ఎంతసేపు అన్నది మాత్రం చెప్పలేదు. ఆ జాగ్రత్త అతనికి చదువుకునేటప్పుడే వచ్చి ఉంటుంది.

శుక్రవారం ఆమె మొత్తం పేర్లు వదిలేసి, నూట ఇరవై పేర్లతో చూసింది. అరవైకి రెట్టింపు కాబట్టి యాభై నాలుగు సెకన్లు పట్టాలి. ఒక నిమిషం నలభై ఎనిమిది సెకన్లు పట్టింది. రెండు వందల నలభైతో చూసింది. ఏడు నిమిషాల పైన. మిషను వేడెక్కుతోందేమోనని చల్లారబెట్టి మళ్లీ చూసింది. మళ్లీ అంతే. పేర్లు రెండింతలు చేసినప్పుడల్లా కాలం నాలుగింతలవుతోంది. ఎందుకో తెలియదు. ఎందుకో తెలియకపోయినా లెక్క వేయడం ఆగదు కదా. గోడమీది క్యాలెండరు వెనక్కి తిప్పి అంకెలు వేసుకుంటూ పోయింది. రెండు వేల నాలుగు వందలకు వచ్చేసరికి తేలింది పన్నెండు గంటలు.

కరెంటు విడవకుండా ఉండేది మహా అయితే మూడు గంటలు. గది తెరిచి ఉండేది తొమ్మిది గంటలు. పన్నెండు గంటల పని ఆ గదిలో ఎన్ని రోజులు చేసినా, ఎన్నేళ్లు చేసినా పూర్తికాదు. వదిన ఆ సాయంత్రం నా ట్రాక్టరు మీదే వెల్లిచందైకి వచ్చింది. దారిలో ఒకే మాట అంది.

"బావిలోకి దిగినాక నిచ్చెన కొలిచినానురా నేను."

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మామ రాగిసంకటి తింటూ, సోమవారం పదికి గేటు కాడ ఉండాలని ఊర్లో అందరూ అనుకుంటున్నారని మామూలుగా చెప్పాడు. ఆమె సరే నాయనా అని కంచం ముందునుంచి లేచింది.

శనివారం పొద్దున సుబ్బరాయన్ చెప్పులు విప్పి అద్దాల గదిలోకి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. రెండు రోజులుగా ఆమె ముఖం చూస్తున్నాడు, మిషను ముఖం కూడా చూస్తున్నాడు. కుర్చీ లాక్కుని మెల్లగా మాట్లాడాడట.

"అమ్మా సౌభాగ్యం, వరుస నేను రాసిస్తాను. నువ్వు దాన్ని ఈ మిషనులో కొట్టి కాగితం తీసెయ్యి. కంప్యూటరు ఇచ్చిందంటే కాదనేది ఎవురు? నీ పని నిలుస్తాది. మీ నాయన చెరుకు సంగతి కూడా నేను మరిచిపోను."

"వచ్చే ఏడు ఏమి చేసేది సార్?"

"వచ్చే ఏడూ నేనుండాను కదమ్మా."

సోమవారం పొద్దున దాకా ఆలోచించుకోమని చెప్పి ఆయన లేచిపోయాడు. పదకొండుకు కరెంటు పోగానే ఆమె గేటు దగ్గరి టీ బంకుకు వచ్చి ఇదంతా నాకు చెప్పింది. నేను ఒప్పుకోమన్నాను. ఈ ఒక్కటి మాత్రం కల్పన కాదు, నిజంగానే ఒప్పుకోమన్నాను. పని ఉంటుంది, మామ చెరుకు ముందు పోతుంది, అందరూ బాగుంటారు.

"అట్లయితే ఆ రూములో నేను ఎందుకురా? ఒక టైపు మిషను చాలు కదా," అంది. కొంచెం ఆగి, "ఒప్పుకుంటే ఎప్పటికీ వెలికి రాలేను. ఒప్పుకోకపోతే సోమవారమే వెలికి తోస్తారు," అంది.

టీ అలాగే చల్లారిపోతోంది. అప్పుడు ఆమెను నవ్వించాలని నేను ఒక కథ ఎత్తుకున్నాను. ఇక్కడ మా గేటు పద్ధతి ఒకటి చెప్పాలి. మిల్లు ముందు మూడు రోడ్లు కలుస్తాయి. ఒకటి పాలకోడునుంచి, ఒకటి వెల్లిచందైనుంచి, ఒకటి చెట్టికరై వైపునుంచి. ప్రతి బండికీ నంబరు కొట్టిన రేకు టోకెను ఉంటుంది. చిన్న నంబరు ముందు లోపలికి పోవాలి. గేటు దగ్గర జగడం ఎందుకని ఒక రోడ్డు మీద వచ్చే బండ్లవాళ్లు ఊరు దాటేముందే తమలో తాము నంబర్ల ప్రకారం వరుస కట్టుకుని వస్తారు. గేటు కాపలా వీరప్ప స్టూలు మీద కూర్చుని లోపలికి ఒక్కొక్కటిగా వదులుతాడు. ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి.

నేను చెప్పిన కథ, ఆ వరుస తప్పిన రోజుది. రెండేళ్ల కింద ఒకనాడు మా బండ్లు వరుస కట్టకుండా వచ్చాయి. నిజానికి తొమ్మిది బండ్లు, అరగంట జగడం. నేను చెప్పేటప్పుడు రెండు వందల బండ్లు. రెండు వందల మంది బండ్లవాళ్లూ దిగారు. ప్రతి ఒక్కడూ మిగిలినవాళ్లందరి దగ్గరికీ పోయి నీ నంబరెంత అని అడగాలి. తనది చిన్నదైతే బండి ముందుకు, పెద్దదైతే వెనక్కి. అడిగిన ప్రతివాడితో ఒక బీడీ. ధర్మపురిలో బీడీలైపోయి హోసూరునుంచి తెప్పించారు. వరుస తేలేసరికి బండ్ల మీద చెరుకు మొలకలేసింది, ఎద్దులు వెనక్కి తిరిగి ఆ మొలకలు మేశాయి, ఒక ఆవుబండికి దూడ కూడా పుట్టింది, ఆ దూడకు ఏ నంబరు ఇవ్వాలని మళ్లీ జగడం.

వదిన నవ్వలేదు. గ్లాసు కింద పెట్టింది.

"ప్రతి ఒక్కడూ అందరినీ అడిగినాడా?"

"అందరినీ. ఒక్కడిని వదల్లేదు. నేను కళ్లారా చూసినాను."

"అంటే ఎన్నిసార్లు అడిగినట్టు?"

లెక్కలు చెప్పగలిగినవాణ్ణయితే ట్రాక్టరు ఎందుకు నడుపుతాను? ఆమే ఒక ఇటుక ముక్క తీసుకుని నా ట్రైలరు పక్కపలక మీద రాసింది. రెండు వందల మంది, ఒక్కొక్కడికి నూట తొంభై తొమ్మిది మంది, ఇద్దరి మధ్య ఒకసారి అడిగితే చాలు కాబట్టి అందులో సగం. పందొమ్మిది వేల తొమ్మిది వందలు. దాని కింద, నాలుగు వందల బండ్లయితే అని రాసింది. డెబ్బై తొమ్మిది వేల ఎనిమిది వందలు.

ఇటుక పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగింది. బండ్లు రెండింతలు, అడగడం నాలుగింతలు. ఆమె క్యాలెండరు వెనక ఉన్న అంకెలు కూడా అట్లాగే పెరిగాయి.

తర్వాత గబగబా రాసింది. అరవై మందికి పదిహేడు వందల డెబ్బై అడగడాలు, ఇరవై ఏడు సెకన్లు. రెండు వేల నాలుగు వందల మందికి ఇరవై ఎనిమిది లక్షల డెబ్బై ఎనిమిది వేల ఎనిమిది వందలు. పలక చాలక చివరి సున్నాలు చక్రం మీద పడ్డాయి.

"నా మిషను నీ బండోళ్ల మాదిరే చేస్తా ఉండాదిరా," అంది. "అది మొద్దు కాదు. అట్ల చేయమని రాసినది నేను. మనుషులు నలభై రెట్లయితే కాలమూ నలభై రెట్లని ఎందుకనుకున్నాను? ఒక్కొక్కడికి అడగాల్సినోళ్లు కూడా నలభై రెట్లయినారు కదా. నలభై నలభైలు."

నలభై నలభైలు పదహారు వందలు. ఇరవై ఏడు సెకన్లకు పదహారు వందల రెట్లు పన్నెండు గంటలు. కచ్చితంగా సరిపోయింది. సరిపోయినందుకు ఆమె ముఖం వెలుగుతుందని చూశాను. వెలగలేదు. బావి లోతు ఎందుకంతో తెలిసింది, అంతే. నిచ్చెన పెరగలేదు.

ఇక్కడే వీరప్ప వస్తాడు. అరవై ఏళ్ల మనిషి, ఒక కాలు కుంటి. బడి మెట్టెక్కలేదు, అంకెలు మాత్రం తెలుసు. స్టూలు మీదినుంచి నా కథంతా విని, వీడి మాటలు నమ్మకు తల్లీ, రెండు వందల బండ్లు నా గేటు ముందర ఎప్పుడూ నిలిచింది లేదు అన్నాడు. నా పరువు పోయిందని నేను బాధపడుతుంటే వదిన లేచి ఆయన దగ్గరికి పోయింది.

"తాతా, మీరు గేటు కాడ అందరినీ అడగరా?"

"నాకేమి పనిలేదా? ముందర బండిని చూస్తే చాలు. దాని వెనక ఉండేదంతా దానికంటే పెద్ద నంబరే కదా. ఊర్లో సరిచేసుకొనే కదా వస్తారు." ఆయన గోడకున్న మూడు మేకులు చూపించాడు, రోడ్డుకు ఒకటి. పోయిన ఏటి టోకెన్లు ఒక్కోదానికి నంబరు వరుసలో కొన్ని తగిలించి, మూడింటి మొదటి రేకులు చూసి, చిన్న నంబరున్నది తీశాడు. తీసిన మేకు మీద వెనకది ముందుకు వచ్చింది. మళ్లీ మూడూ చూశాడు, చిన్నది తీశాడు. "ఎప్పుడూ మూడే చూస్తాను. వంద బండ్లున్నా మూడే."

"మూడు కాకుండా నలభై రోడ్లుంటే?"

"నలభై తలకాయలు చూస్తాను. మెడ నొప్పి పుడతాది, అంతే."

వదిన ఆ మేకుల మీది మొదటి రేకులు తానే ఒకసారి తీసి చూసింది. తర్వాత నా ట్రైలరు దగ్గరికి వచ్చి, మిగిలిన చోట చిన్నగా రాసింది. నలభై ఊళ్లు. ఏ ఊరి వరుస ఆ ఊరిదే ముందు సరిచేస్తే, ఊరికి ఇరవై ఏడు సెకన్లు. నలభై ఊళ్లకు పద్దెనిమిది నిమిషాలు.

బుధవారం ఆమె చెప్పిన పద్దెనిమిది నిమిషాలు ఎక్కడికీ పోలేదు, ఊళ్లలో ఉండిపోయాయి. ఆ తర్వాత నలభై ఊళ్ల ముందు పేర్లు మాత్రం చూస్తూ ఒక్కొక్కరినీ గేటులోకి వదలాలి. రెండు వేల నాలుగు వందల సార్లు, సారికి నలభై తలకాయలు. లక్షకు లోపే. ఇరవై నాలుగు నిమిషాలు. రెండూ కలిపితే ముప్పావుగంటలోపు. పైగా ఒక్కో ఊరి వరుస తేలగానే ఫ్లాపీలో రాసి పెట్టుకుంటే, కరెంటు పోయినా ఆ ఊరు చెదరదు.

పేర్లన్నీ ఒకే కుప్ప అని మేనేజరు ఏ ఊళ్లను కలిపేశాడో, ఆ ఊళ్లే మళ్లీ కావలసి వచ్చాయి. ప్రతి రైతు రిజిస్టరు నంబరులో మొదటి రెండంకెలు ఊరివే కాబట్టి విడదీయడం కష్టం కాలేదు.

పన్నెండుకు కరెంటు వచ్చింది. ఆమె చెప్పులు విప్పి లోపలికి పోయింది. మూడుకు కరెంటు పోతే బయటికి రాలేదు. చీకటి గదిలో కాగితం మీద రాస్తూనే ఉంది. ఆరుకు మేనేజరు తాళం వేసేటప్పటికి మూడు ఊళ్లతో సరిచూసింది, అంతే. ఆదివారం మేనేజరు తాళంచెవితో సహా కోయంబత్తూరు పోయాడు. మూడు రోజులు లోపల ఇరుక్కున్న మనిషి నాలుగో రోజు బయట ఇరుక్కుంది. వెల్లిచందైలో వాకిట్లో కూర్చుని, పేర్లు రాసిన చీటీలు నలభై వరుసలుగా పేర్చి, ముందు చీటీలు చూస్తూ తీస్తూ ఉంది. గాలి వచ్చినప్పుడల్లా ఒక ఊరు ఇంకో ఊరిలోకి ఎగిరిపోయేది. మామ కోళ్లు అటు పోకుండా తోలుతూ కూర్చున్నాడు.

సోమవారం ఒక గంట ముందే, ఎనిమిదికి గది తెరిచారు. గేటు ముందు అప్పటికే మూడు వందల మంది. సుబ్బరాయన్ అద్దం ముందుకు వచ్చి, చంకలో ఉన్న చేతిరాత రిజిస్టరును కాస్త పైకెత్తి చూపాడు. వదిన లోపలినుంచి రెండు చేతులూ జోడించి, వద్దని తల ఊపింది. మీట నొక్కింది.

ఊళ్లు ఒక్కొక్కటిగా తేలాయి. ఎనిమిదిన్నరకు నలభై ఊళ్లూ ఫ్లాపీలో ఉన్నాయి. తొమ్మిదికి మొత్తం వరుస ఫ్లాపీలో ఉంది. ప్రింటరు కీచుమంటూ మొదలైంది. అద్దం ఇవతల ఆ చప్పుడు వినిపించదు గానీ, కాగితం ముందుకు పాకడం కనిపిస్తుంది. తొమ్మిదీ పదికి కరెంటు పోయింది, వేళ కాని వేళ.

మామూలుగా అయితే ఆమె లేచి చెప్పులు వేసుకోవాలి. లేవలేదు. కాగితాన్ని పట్టుకుని, చివరి పేరు ఎక్కడ ఆగిందో గోటితో గీత పెట్టి కూర్చుంది. మేనేజరు గడియారం చూసుకుంటూ రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. సుబ్బరాయన్ రిజిస్టరును ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చాడు. ముప్పై నిమిషాల తర్వాత కరెంటు వచ్చింది. ఫ్లాపీలో వరుస ఉన్నది ఉన్నట్టే ఉంది. గీత పెట్టిన చోటినుంచి మళ్లీ కొట్టించింది.

పది దాటిన పన్నెండు నిమిషాలకు వరుస బోర్డెక్కింది. జనం మీదపడ్డారు. వెతికారు, వేళ్లు పెట్టి చదివారు, పక్కవాడి తేదీతో తమ తేదీ పోల్చుకున్నారు. ఒక్క అరుపు లేదు. జగడం చూద్దామని వచ్చిన నేనే నష్టపోయాను. సుబ్బరాయన్ కూడా చివరికి బోర్డు దగ్గరికి వచ్చి, తన బావమరిది పేరు ఎక్కడుందో చూసుకుని, టీ తాగడానికి పోయాడు.

మేనేజరుకు ఎంత సంతోషమంటే, వచ్చే ఏడు ఇంకో మిల్లు రైతులు తొమ్మిది వేల మందిని కూడా ఇందులోనే వేసేద్దామన్నాడు. ఇరవై నిమిషాల పనే కదా అన్నాడు. ఎంతసేపో ఇప్పుడు చెప్పలేను సార్, రెండు రోజులు టైము ఇస్తే లెక్క వేసి చెబుతాను అంది వదిన. అప్పటినుంచి ఆమె దగ్గర కాలం అడగడం కష్టమైపోయింది. కాఫీ ఎంతసేపు అంటే, ఎంతమందికి, ఎన్ని గ్లాసులున్నాయి, కడిగేది ఎవరు అని మొదలుపెడుతుంది. చల్లారిన కాఫీ తాగడం మా కుటుంబానికి అలవాటైంది.

ఆ వరుస బోర్డెక్కాక మా మామ నా దగ్గరికి వచ్చాడు. ఆయనకు ఏ భాష అక్షరాలూ రావు. నా పేరు యాడుంది చూడు అన్నాడు. ముందు పేజీలు చూశాను, లేదు. మధ్య పేజీలు చూశాను, లేదు. పంతొమ్మిది వందల ముప్పై ఏడో పేరు. అంటే మార్చి నెల దాటాలి. ఆలోపు మా మామ చెరుకు సగం బెండే. సుబ్బరాయన్ రాసి ఉంటే మొదటి నూరులో ఉండేవాడు. నేను నంబరు చెప్పాను. మామ చేతి తుండుగుడ్డ భుజం మీద వేసుకుని, మొదటిసారి అద్దాల గదివైపు తిరిగాడు. కూతుర్ని చూశాడు. లోపల వదిన కూడా లేచి నిలబడింది. ఆమె చేతిలో మిగిలిన కాగితాలున్నాయి. మామ ఏదో అనడం ఆమెకు కనిపించింది. వినిపించలేదు.

నాయన ఆ రోజు ఏమన్నాడురా అని ఆమె నన్ను ఇప్పటికీ అడుగుతుంది. ఇప్పటికి పదకొండు రకాలుగా చెప్పాను. శభాష్ అన్నాడని ఒకసారి, సుబ్బరాయన్ మీసం గొరిగిస్తానన్నాడని ఒకసారి, చెరుకంతా నరికి కంప్యూటరుకు మేత వేస్తానన్నాడని ఒకసారి. ఆమెకు ఒక్కటీ నమ్మకం కుదరలేదు. అసలు మాట చెబితే ఆ గదిలో కూర్చోలేదని భయపడ్డాను. ఆమె మొదటిసారి అడిగేటప్పటికే మేనేజరు తొమ్మిది వేల పేర్ల కార్డులు తెప్పించి ఆమె కుర్చీ పక్కన పేర్పిస్తున్నాడు, అద్దం లోపల సగం ఎత్తు దాకా వచ్చేశాయి.

మామ అన్నది ఇది.

"చెరుకు ఎండితే ఎండనీరా. ఆ గాజు రూములోంచి అది ఎప్పుడు వెలికి వస్తాదో అడుగు."